దాపుడు డబ్బాలకు కాపలా

ఆమె చనిపోయిందని నాకు చెప్పింది పంక్చర్లు వేసే అతను.

ఎండాకాలం సెలవులు అయిపోవచ్చిన ఒక ఆదివారం రేణిగుంట రోడ్డులో నా స్కూటర్ వెనక టైరు దిగిపోయింది. తోసుకుంటూ వెళ్తే మొదట కనిపించిన షెడ్డు అతనిది. అది ఆ పార్కు గేటుకు ఎదురుగా ఉంటుందని నాకు తెలుసు. ఇంకో షెడ్డు ఏదైనా ఉందేమోనని కాసేపు అటూ ఇటూ చూశాను కూడా. లేదు. రెండేళ్లకు దగ్గరగా నేను ఆ వైపు రావడం మానేశాను. పని ఉన్నా చుట్టు తిరిగి పోయేదాన్ని.

అతను ట్యూబు లాగి నీళ్ల తొట్టిలో ముంచి తిప్పుతూ నా ముఖం రెండుసార్లు చూశాడు. ఆ పార్కులో డబ్బాలు వెతికే మేడమ్ మీరే కదా అన్నాడు. అవునన్నాను.

"ఆ పార్కు ఊడ్సే ఆమె పొయింది మేడమ్. ఉగాది అయిన వారానికి."

"ఎవరు?" అన్నాను. ఎవరో తెలిసే అడిగాను.

నీళ్లలో బుడగలు లేస్తున్న చోట వేలు ఆనించి, తుడిచి, గుర్తు పెట్టుకుని, "అదే మేడమ్, మీ డబ్బాలకు కావిలి ఉండె గదా, ఆమె" అన్నాడు. కాలికి పుండు లేచిందట. చక్కెర జబ్బు ఉండేదట. అంతకు మించి అతనికి తెలియదు. చెల్లెలి ఇల్లు మాత్రం తెలుసు, రేణిగుంటలో రైలు పట్టాల వెనక.

ఆమె పేరు నేను ఇక్కడ రాయడం లేదు. ఒకసారి పేపర్లో వచ్చింది, జిల్లా పేజీలో, నాలుగు వాక్యాల వార్తగా. నేను ఆమె పేరు చూడటం అదే మొదటిసారి. అంతవరకూ నాకు ఆమె అక్క, ఆమెకు నేను పాప. ఆ పేరును ఇంకోసారి అచ్చులోకి నేను తేలేను.

మేము ఆడిన ఆట గురించి కొంచెం చెప్పాలి. దాన్ని జియోకాషింగ్ అంటారు. ఒకరు ఒక చిన్న డబ్బాను ఏ పార్కులోనో, కొండదారిలోనో దాచి, ఆ చోటు గుర్తులను ఫోన్లో అందరికీ పంపుతారు. మిగతావాళ్లు ఫోను చూసుకుంటూ వెళ్లాలి. ఫోను పది పదిహేను అడుగుల దాకా తీసుకుపోయి వదిలేస్తుంది. అక్కడినుంచి కళ్లతో వెతుక్కోవాలి. దొరికితే లోపలున్న కాగితం మీద పేరు రాసి, డబ్బాను దొరికిన చోటే పెట్టి రావాలి. తిరుపతిలో మేము పదిహేను మంది దాకా ఉండేవాళ్లం. నడిపేది రిటైరైన ప్రిన్సిపాల్ గారొకరు. నెలకో పోటీ. ఒక నెల ఊళ్లో పార్కు, ఇంకో నెల తలకోన దారి, కళ్యాణి డ్యామ్ గట్టు, హార్సిలీ హిల్స్ ఘాట్ రోడ్డు. నేను శ్రీ సిటీలో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగులో పనిచేస్తాను. ఆరు రోజులు కంపెనీ బస్సు, కళ్ల ముందు కదిలిపోయే సర్క్యూట్ బోర్డులు. ఆదివారం ఒక్కరోజు తలెత్తి చెట్లను చూసేదాన్ని. అలా పట్టుకుంది ఆ పిచ్చి.

ఆ పార్కులో మొదటి డబ్బా పెట్టింది నేనే. ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాను కానుగ చెట్టు మొదట్లో ఆకుల కింద కప్పిపెట్టాను. మరుసటి ఆదివారం పోటీకి వచ్చినవాళ్లలో ఒక్కరికీ దొరకలేదు. గంటసేపు తిరిగి అందరూ విసుక్కుంటుంటే నేనే వెళ్లి చూశాను. అక్కడ డబ్బా లేదు. వంగి ఆకులు కెలుకుతుంటే వెనకనుంచి "దీనికోసరమేనా" అని వినిపించింది.

పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. చీర మీద మగవాళ్ల ఫుల్ చొక్కా, తలకు తువ్వాలు, చంకలో కొబ్బరి ఈనెల చీపురు. రెండో చేతిలో నా డబ్బా. పారేశారా మరిచిపోయారా అని అడిగింది. పారేసిందని తెలిస్తే తనే వాడుకునేదట, మూత బాగుంది కాబట్టి. లోపల కాగితం, పెన్సిలు కనబడేసరికి ఎవరో బడిపిల్లలదని వారం రోజులు పంపు గదిలో దాచి ఉంచింది. ఆట సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"కనుక్కుంటే యేమిస్తారు?"

"ఏమీ ఇవ్వరక్కా. పేరు రాసి మళ్లీ అక్కడే పెట్టేస్తారు."

"యేమీ ఇయ్యరా?"

"ఏమీ ఇవ్వరు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఆడ పెడితే సీమలు పడతాయి" అని నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, కొళాయి వెనక సిమెంటు తొట్టి పగిలిన సందు చూపించింది. అక్కడ వాన తగలదు. కుక్కలు రావు. జంటలు కూర్చోవు. పదిహేనేళ్లుగా ఆ నేలను రోజుకు రెండుసార్లు ఊడ్చిన మనిషి. ఆ తర్వాత ఆ పార్కులో మేము పెట్టిన ప్రతి డబ్బాకూ ఆమే చోటు చూపించింది. వాటికి దాపుడు డబ్బాలని పేరు కూడా పెట్టింది.

ఆమె నిలబడి మాట్లాడటం నేను చూసింది తక్కువ. ఊడుస్తూనే, వీపు మన వైపు పెట్టి మాట్లాడేది. వినాలంటే దుమ్ములో వెనకాలే నడవాలి. ఊడ్చిన చోట తను మళ్లీ కాలు పెట్టేది కాదు, అంచు వెంబడి నడిచేది. మనం తొక్కితే ఏమీ అనేది కాదు గానీ, మన అడుగుల మీద ఇంకోసారి చీపురు ఆడించి పోయేది. ముందురోజు నేను నైట్ డ్యూటీ చేసి వచ్చానా లేదా అన్నది ఎప్పుడూ నేను చెప్పకుండానే కనిపెట్టేది. ఎట్లా అంటే, గేటు దగ్గర చెప్పులు ఈడ్చుకుంటూ వస్తావని చెప్పింది.

పోటీ రోజున అందరూ ఆమె చుట్టూ తిరిగేవాళ్లు. కాస్త చెప్పమని బతిమాలేవాళ్లు. తనకేం తెలుసునని, తాను చెత్త ఊడ్చేదాన్నని ఆమె ఒకటే జవాబు. కానీ ఎవరైనా బాగా అలిసిపోయి, డబ్బాకు దగ్గరగా వచ్చి కూడా కనుక్కోలేక వెనక్కి మళ్లితే, ఎక్కడో దూరంలో ఆమె ఒక దగ్గు దగ్గేది. ఆ దగ్గు సంగతి మాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది. అది నిబంధనలకు విరుద్ధమని ప్రిన్సిపాల్ గారు అన్నారు. ఆమె ఆయన వచ్చినప్పుడు మాత్రం దగ్గడం మానేసింది. ఆ పార్కులో ఆయనకు ఒక్క డబ్బా కూడా దొరకలేదు.

కాగితం మీద ఆమె గుర్తు కూడా ఉండాలని నేను పట్టుబట్టాను. రాయడం రాదంది. వేలిముద్ర వెయ్యమన్నాను. రెండు చేతులూ చాపి చూపించింది.

"రేషను మిషనే తీసుకోదు పాపా ఈ యేళ్లను. అరిగిపొయినాయంట."

చివరికి నాలుగు చుక్కలు పెట్టి చుట్టూ ఒక మెలిక తిప్పింది, చిన్న ముగ్గు. ఆ తర్వాత ప్రతి కాగితం మీదా మొదటి గుర్తు అదే.

ఒకసారి మా ఇంటికి వచ్చింది. నాకు జ్వరమొచ్చి రెండు ఆదివారాలు కనిపించకపోతే, ఎప్పుడో మాటల్లో చెప్పిన వీధి పేరు, నీలం గేటు గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. సంచీ నిండా కరివేపాకు తెచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు దగ్గరే నిలబడి మా అమ్మాయి ఏం చదువుతోందో అడిగి, డబ్బాలన్నీ భద్రంగా ఉన్నాయని చెప్పి వెళ్లిపోయింది.

డబ్బాలకు కాపలా ఉన్నదే కానీ ఆమె ఎప్పుడూ వెతకలేదు. ఒక నెల పోటీ కైలాసకోనలో పెట్టుకున్నాం. నువ్వూ రా అక్కా అంటే, సెలవు ఇవ్వరని మూడుసార్లు చెప్పి, ఆ పొద్దున అందరికంటే ముందు వచ్చి నిలబడింది. చొక్కా లేదు. ఆకుపచ్చ చీర, తలలో కనకాంబరాలు. చేతిలో పెద్ద టిఫిన్ క్యారియరు, మా అందరికీ సరిపడా పులిహోర.

జలపాతం కిందినుంచి పైదారి వరకూ అయిదు డబ్బాలు దాచి ఉన్నాయి. మేమంతా ఫోన్లు పట్టుకుని రాళ్ల మీద పడుతూ లేస్తూ తిరుగుతున్నాం. ఆమెకు ఫోను లేదు. మెట్ల దారిలో ఒక్కతే మెల్లగా నడుచుకుంటూ పోయింది. అరగంట తర్వాత చూస్తే దారి మలుపులో ఒక బండ మీద కూర్చుని ఉంది. ఒళ్లో డబ్బా. అన్నింటికంటే కష్టమైనదని ప్రిన్సిపాల్ గారు స్వయంగా దాచింది. ఎట్లా కనుక్కున్నావని అడిగాను. గడ్డి ఒక పక్కకు పడుకుని ఉండింది, గాలికి అట్లా పడుకోదు అంది. ఎవరినీ పిలవలేదు. మేము వచ్చేదాకా దాన్ని రెండు చేతులతో పట్టుకుని అట్లాగే కూర్చుంది.

నేను పక్కన కూర్చున్నాను. నీళ్ల చప్పుడులో ఆమె మాట సరిగ్గా వినపడలేదు. మళ్లీ అడిగాను.

"యెతికితే దొరకడం నాకు ఇదే మొదులు పాపా."

భర్త లారీ మీద బెంగుళూరుకు పోయి తిరిగి రాలేదని అప్పుడు చెప్పింది. పెళ్లయిన నాలుగో ఏడు. పలమనేరు, బంగారుపాళ్యం, కోలారు దాకా లారీలు ఆగే ప్రతి చోటా వెళ్లి అడిగిందట. ఎన్నాళ్లు వెతికావని అడిగితే వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, పులిహోర చల్లారిపోతోందని లేచింది.

ఇంతవరకూ రాయడం తేలికే.

తర్వాతి ఏడు ఉత్సవాల రోజులు. ఊరంతా యాత్రికులు, అడుగడుక్కీ తనిఖీలు. అప్పుడు పోటీ పెట్టొద్దని ఎవరైనా అని ఉండాల్సింది. ఎవరూ అనలేదు. నేను ఎవరూ చెయ్యని రకం డబ్బా చేశాను. ఫ్యాక్టరీలో పనికిరాదని పక్కన పడేసిన చిన్న బోర్డు ఒకటి అడగకుండా ఇంటికి తెచ్చుకుని, దానికి బ్యాటరీ, ఎర్ర లైటు బిగించాను. పైన నాలుగు మీటలు. సరైన వరుసలో నొక్కితే లైటు ఆరిపోయి మూత తెరుచుకుంటుంది. ఇనప డబ్బా, చుట్టూ నల్ల టేపు, లోపల అక్క ముందే ముగ్గు వేసి ఇచ్చిన కాగితం. రెండు వారాలు కూర్చుని చేశాను. చాలా గర్వపడ్డాను.

శనివారం సాయంత్రం అక్కకు చూపించాను. చేతిలోకి తీసుకోలేదు.

"ఇది యేందో మిషను మాదిరి ఉండాది పాపా. ఇది వద్దు."

ఏమీ కాదన్నాను. ఆమె చోటు కూడా చూపించలేదు. ఆ ఒక్క డబ్బాకు నేనే చోటు చూసుకున్నాను, గేటుకు ఎడమ పక్క గన్నేరు పొదలో.

ఆదివారం ఉదయం నేను వెళ్లేసరికి రోడ్డు మూసేశారు. వాకింగ్‌కు వచ్చిన ఎవరో మసక వెలుతురులో పొదలో ఎర్ర లైటు చూశారు. పోలీసులు, కుక్కలు, తాడు కట్టి ఆపేసిన జనం. పార్కులో ఉన్నవాళ్లందరినీ బయటికి తోలుతున్నారు. చివరగా చీపురుతో ఆమె వచ్చింది. ఏమైందని పక్కవాళ్లను అడగడం చూశాను. వాళ్లు చెప్పారు. ఆమె ఒక్క క్షణం ఆగి, తాడు కిందనుంచి దూరి వెనక్కి పరుగెత్తింది.

"అయ్యో సార్, అదేం లేదు. అది ఆటది. దాపుడు డబ్బా" అంటూ పొదలో చెయ్యి పెట్టి దాన్ని తీసి, అందరికీ కనిపించేలా రెండు చేతులతో పైకెత్తింది.

జనం విరగబడి వెనక్కి పరుగెత్తారు. ఆమె అప్పుడే ఊడ్చిన నేల మధ్యలో ఒక్కతే నిలబడి ఉంది. భయపడొద్దన్నట్టు మా వైపు చూసి నవ్వుతోంది. కింద పెట్టమని దూరంనుంచి అరిచారు. ఏదో పగిలే వస్తువును దించినట్టు మెల్లగా దించింది. వెనక్కి నడవమన్నారు. నడిచింది. అప్పుడు ఇద్దరు వచ్చి రెక్కలు పట్టుకున్నారు. వాళ్లు తీసుకుపోతుంటే ఆమె జనం వైపు తిరిగి వెతికింది. నేను నలభై అడుగుల దూరంలో ఉన్నాను. నా తల మీద హెల్మెట్ ఉంది. తియ్యలేదు.

గంటలోపల మా ఫోను గ్రూపు లేకుండా పోయింది. ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి, వాళ్లే పరీక్ష చేసుకుని ఉత్త బొమ్మేనని తేల్చుకుంటారని, ఈలోపల ఎవరూ నోరు విప్పొద్దని చెప్పారు. మా ఆయనకు బోర్డు సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది.  కంపెనీ వస్తువు బయటికి తెచ్చానని తెలిస్తే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, కేసు కూడా అవుతుందన్నాడు. ఆమెను రెండు మాటలడిగి పంపించేస్తారు, ఊడ్చుకునే మనిషి కదా అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు అవసరం.

రెండు మాటలు కాలేదు. మూడు రోజులు అయింది. పెట్టిందెవరని అడిగారు. కాగితం మీద ముగ్గు చూపించి ఇదేం గుర్తు, ఎవరికి అని అడిగారు. ఈ వివరాలు నాకు తర్వాత తెలిశాయి. తనకు తెలియదని, తాను ఊడ్చేదాన్నని మూడు రోజులూ అదే చెప్పిందట. నా పేరు ఆమెకు తెలియని మాట నిజమే. కానీ మా వీధి తెలుసు, నీలం గేటు తెలుసు. జీపు ఎక్కి చూపించి ఉంటే అయిదు నిమిషాల పని. ఆ మూడు రోజులూ మా వీధిలో ఏ బండి ఆగినా నేను వంటింట్లోకి వెళ్లేదాన్ని.

మూడో రోజు డ్యూటీకి సెలవు పెట్టి స్టేషన్ దాకా వెళ్లాను. ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడ్డాను. స్టేషన్ మెట్ల మీద ఒకామె టిఫిన్ క్యారియరు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ముఖం చూడగానే చెల్లెలని తెలిసిపోయింది. అదే నుదురు. టీ తాగాను. ఇంకొకటి తాగాను. లోపలికి వెళ్లి చెప్పాల్సిన మాట మనసులో పదిసార్లు అనుకున్నాను. తర్వాత బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. ఆ సాయంత్రమే ఆమెను వదిలేశారు. మరునాడు పేపర్లో ఆమె పేరు వచ్చింది. అనుమానాస్పద వస్తువు, పారిశుద్ధ్య కార్మికురాలిని ప్రశ్నించిన పోలీసులు అని. కాంట్రాక్టరు ఆమెను పనిలోంచి తీసేశాడు.

తర్వాతి మామిడి కాపుకు ఆమె బంగారుపాళ్యం దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తోందని విన్నాను. అప్పటికి ఆ సంగతి జరిగి ఎనిమిది నెలలు. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లాను. హైవే మీద మామిడి లోడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. కుళ్లిన పండు వాసన. గేటు దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. షిఫ్టు దిగి ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. ఆమె సన్నబడింది. చేతులు మోచేతుల దాకా పసుపు పచ్చగా ఉన్నాయి, సొన తగిలి అక్కడక్కడా చర్మం కాలినట్టుంది. నన్ను చూసి ఆగింది. మొదట మా అమ్మాయి పరీక్షలు బాగా రాసిందా అని అడిగింది.

నేను తప్పు చేశాను అక్కా అన్నాను. వచ్చి చెప్పి ఉండాల్సింది అన్నాను. ఏడవడం కూడా మొదలుపెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకోబోయి, సొన అంటుకుంటుందని వెనక్కి తీసుకుంది.

"నువ్వు వస్తావనే అనుకుంటా ఉంటి పాపా, మూడు దినాలూ. తలుపు సప్పుడైతే సూస్తా ఉంటి. వచ్చింటే నిన్ను గూడా కూర్సోబెట్టింటారులే. రాకపోవడమే మంచిదయింది."

కొట్టారా అని అడగాలనుకున్నాను. అడగలేదు. ఆమె చెప్పలేదు. ఇద్దరం బస్టాపు దాకా నడిచాం. ఆమె నా పక్కన నడుస్తూ, ముఖం నా వైపు పెట్టి మాట్లాడటం అదే మొదటిసారి. చేతిలో చీపురు లేదు కాబట్టి కావచ్చు.

బస్సు వచ్చే ముందు ఒక్క సంగతి అడిగింది. కాంట్రాక్టరును ఈ మధ్య కలిసిందట. ఆ డబ్బాతో నీకు సంబంధం లేదని ఎవరైనా కాగితం మీద రాసిస్తే మళ్లీ పార్కులో పెట్టుకుంటానన్నాడట.

"ఒక్క మాట రాసిస్తావా పాపా? ఆ డబ్బా దానిది కాదు, నాది అని. పోలీసోళ్లకు గాదు, కాంట్రాక్టరుకు. ఈడ నీళ్లలో నిలబడి కాళ్లు నానిపోతా ఉండాయి. ఆ ఊడ్సే పనైతే నాకు సేతనవుతాది."

ఈ వారంలోనే ఇస్తానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆ రాత్రి కాగితం రాశాను. ఆరు వాక్యాలు. పేరు, సంతకం, అన్నీ. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. మా ఆయనకు చూపించాను. వద్దనలేదు. అమ్మాయి కాలేజీ సీటు తేలేదాకా ఆగమన్నాడు. సీటు తేలింది. అప్పుడు ఫ్యాక్టరీలో నాకు లైన్ లీడర్ ప్రమోషన్ రావాల్సి ఉంది, దాని తర్వాత ఇద్దామనుకున్నాను. అది కూడా వచ్చింది. బ్యాగు మార్చినప్పుడల్లా ఆ కాగితాన్ని కొత్త బ్యాగులోకి మార్చాను. మడతల దగ్గర అది నలిగిపోతే, ఇట్లాంటిది ఇవ్వడం బాగుండదు, మళ్లీ శుభ్రంగా రాద్దామని చించేశాను. మళ్లీ రాయలేదు. ఇది జరిగి దాదాపు ఏడాది.

పంక్చర్ వేయించుకున్న ఆ ఆదివారం, స్కూటర్ స్టార్టు చేసి ఇంటివైపు తిప్పుకున్నాను. కొంచెం దూరం వెళ్లి వెనక్కి తిప్పాను. రేణిగుంటలో పట్టాల వెనక ఆ ఇల్లు కనుక్కోవడం కష్టమేమీ కాలేదు. రేకుల ఇల్లు, ముందు చిన్న వసారా. చెల్లెలు బియ్యం ఏరుతోంది. పార్కులో పనిచేసిన ఆమె ఇల్లు ఇదేనా అన్నాను. చాట పక్కన పెట్టి లేచి, నాకు కుర్చీ వేసింది. గోడకు ఫొటో ఏమీ లేదు. ఆధార్ కార్డు మీదిది పెద్దది చేయిస్తే మొహం తెలియలేదట, అందుకని పెట్టలేదట.

ఆమె చెప్పింది విన్నాను. మామిడి కాపు అయిపోయాక అక్క ఒక హోటల్లో గిన్నెలు కడిగే పనికి కుదిరింది. కాళ్లు ఎప్పుడూ తడిలోనే. వేళ్ల మధ్య పుండు లేచింది. చక్కెర ఉందని ఇక్కడి మందుల షాపతను చెప్పి, పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. రెండుసార్లు ఆటోలో తీసుకుపోయారు. రెండుసార్లూ ఆమె గేటు దగ్గరనుంచి వెనక్కి తిరిగింది. గేటు పక్కన పోలీసు కూర్చునే గది ఒకటి ఉంటుంది. ఆయన అక్కడ ఎవరి పేరో రాసుకుంటున్నాడు.

"ఆయప్ప నీ పేరు రాసుకోడు, దెబ్బలు తగిలినోళ్లది రాసుకుంటాడు అని నేను యెంతో సెప్తి. ఇనలేదు మా. నా పేరు యాడా రాయనీయను, ఇంటికి పోదాం పా అనె. ఆటోలో నుంచి దిగనే లేదు."

మూడోసారి స్పృహ లేనప్పుడు మోసుకుపోయారు. కాలు తియ్యాలన్నారు. తీసేలోపలే పోయింది.

చెల్లెలు ఏడవలేదు. లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను తాగుతుంటే అడిగింది.

"మీరెవురు మా?"

"పార్కుకు వాకింగ్‌కు వచ్చేదాన్ని" అన్నాను.

ఆమె తలూపింది. వాకింగ్‌కు వచ్చేవాళ్లు అక్కతో ఇష్టంగా ఉండేవాళ్లని, వాళ్లలో ఇంటిదాకా వచ్చింది మీరొక్కరేనని అంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు వంగింది.

"ఆ డబ్బాలు పెట్టే పాప ఒగామె ఉండె గదా, మీకు తెల్సునా మా ఆమె? కాగితం రాసిస్తానన్నిందంట అక్కకు. ఉగాది దాకా సెప్తానే ఉండె, ఆ పాప వస్తాది, మళ్లా పార్కు పని వస్తాది అని. నేను కోప్పడితే, ఆ పాపకు యేం ఇబ్బందొచ్చిందో యేమో అనె."

తెలియదన్నాను.

గ్లాసు కడిగి ఇస్తానంటే వద్దంది. వీధిలో కుక్క ఉందని, కొత్తవాళ్ల మీదికి వస్తుందని, నా స్కూటర్ పక్కనే రోడ్డు దాకా నడిచి వచ్చింది. ఈ పక్కకు వస్తే మళ్లీ రమ్మని చెప్పింది. వస్తానన్నాను. అయిదు నెలలైంది. వెళ్లలేదు.